నరసాపురం వడ్రంగి చేతిలో యు-180: నేతాజీని మోసిన జలాంతర్గామి నమూనా ఎలా వచ్చిందంటే

నరసాపురంలో గోదావరి గట్టు దిగగానే ఉన్న ఒక చెక్క నమూనాల కార్ఖానాలో మా పాఠశాల కోసం జర్మన్ జలాంతర్గామి నమూనా చేయించాను. సోషల్ టీచరును కాబట్టి మార్కుల్లోనే చెబుతాను: నూటికి ఎనభై ఐదు. తగ్గించిన పదిహేను మార్కుల సంగతి కూడా దాచను. కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ బడి ప్రదర్శనలకు నమూనాలు చేయించే తోటి ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. డబ్బు చందాలుగా పోగు చేసి ఇస్తాం కనుక ఎక్కడ ఇవ్వాలో, ఏం అడగాలో ముందే తెలియడం మంచిది.

ఈ కార్ఖానాలో ఎక్కువగా చేసేవి మన ప్రాంతపు వస్తువులే. అంతర్వేది రథం, జగ్గన్నతోట ప్రభలు, రేవు దాటించే పంటు, ధవళేశ్వరం ఆనకట్ట. తండ్రి మేస్త్రి. ఆయన తాతలు తెరచాప నావలు కట్టిన వడ్రంగులు. డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు నరసాపురంలో ఓడలు కట్టించుకున్న రోజుల నుంచీ ఈ తీరంలో ఆ పనితనం ఉంది. కొడుకు ఐటీఐ చదివాడు. కంప్యూటర్‌లో గీత గీసి, కొలతలు తీసి తండ్రికి ఇస్తాడు. జలాంతర్గామి మాత్రం ఈ ఇంట్లో ఎవరూ చేసి ఎరుగరు. అయినా "చేయలేం" అనలేదు, "చేసేస్తాం" అని తేలిగ్గానూ అనలేదు. కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క ప్రశ్న అడిగారు. నాకు మొదట నచ్చింది అదే.

నేను అడిగింది యు-180. మా బడిలో ఏటా జనవరి 23న నేతాజీ జయంతి చేస్తాం. పిల్లలు ఉపన్యాసంలో "నేతాజీ జర్మనీ నుంచి జలాంతర్గామిలో తూర్పు దేశాలకు వెళ్లారు" అని ఒక్క వాక్యం చెప్పి సింగపూర్ సభలోకి దూకేస్తారు. ఆ ఒక్క వాక్యంలో మూడు నెలల ప్రయాణం ఉంది, ఒక పడవ ఉంది, దాన్ని నడిపిన మనుషులున్నారు. ఆ పడవ తర్వాత ఏమైందని ఏ పిల్లవాడూ అడగడు, ఎందుకంటే అడగవలసిన విషయం ఉందని పాఠంలో ఎక్కడా లేదు. నేతాజీ దిగిపోయిన పదహారు నెలలకు అది యాభై ఆరు మందితో సహా సముద్రంలో కలిసిపోయింది. నేను చేయించాలనుకున్నది ఆ మొత్తం కథ కనిపించే నమూనా.

అబ్బాయి మొదట గీసి చూపించిన బొమ్మ ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించే జర్మన్ జలాంతర్గామిది, ఏడు-సి రకానిది. జర్మనీ అన్నిటికంటే ఎక్కువగా కట్టింది ఆ రకాన్నే, అందుకే అందరి కళ్లలో ఆ రూపమే ఉంటుంది. దాని పొడవు 67 మీటర్లు. యు-180 వేరే జాతి, తొమ్మిది-డి-1 రకం. పొడవు 87.6 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. ఈ రకంలో జర్మనీ కట్టినవి రెండే రెండు: యు-180, దాని జంట యు-195. బ్రెమెన్‌లోని ఏజీ వేజర్ కార్ఖానాలో తయారై, 1942 మే 16న యు-180 నౌకాదళంలో చేరింది. ఈ తేడా చెప్పగానే అబ్బాయి గీసినదంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. అందుకు అదనంగా డబ్బు అడగలేదు.

కొలత నూటికి ఒకటి పెట్టుకున్నాం. మీటరుకు సెంటీమీటరు. పిల్లలకు లెక్క తేలిక. నమూనా పొడవు 87.6 సెంటీమీటర్లు వచ్చింది, నేను బడిలో టేపు పెట్టి కొలిచాను, ఎక్కడా మిల్లీమీటరు కంటే తేడా లేదు. విశాఖపట్నం తీరంలో ప్రదర్శనకు పెట్టిన మన జలాంతర్గామి కుర్సురా పొడవు 91.3 మీటర్లు. విహారయాత్రలో కుర్సురా లోపలికి వెళ్లి వచ్చిన పిల్లలకు "దాదాపు అంత పొడవే" అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది.

ఇక పనితనం. పడవ ఒళ్లు టేకు. రెండు పొడవాటి ముక్కలు అతికించి, బాడిసతో రూపం తీసి, చిత్రిక పట్టి, ఆ పైన గరుకు కాగితంతో రుద్దారు. ముక్కు దగ్గర నీటిని కోసే అంచు, వెనక సన్నబడే తోక, రెండు పక్కల ఉబ్బిన నీటి తొట్లు, అన్నీ చేతితో తడిమితే తెలుస్తాయి. మేస్త్రి గారికి అన్నిటికంటే ఉత్సాహం కలిగించింది పైడెక్కు. ఆ జలాంతర్గాముల ఒళ్లంతా ఉక్కే అయినా, మనుషులు నడిచే పైభాగంలో చెక్క పలకలు పరిచేవారు. మునిగేటప్పుడు, తేలేటప్పుడు నీళ్లు క్షణాల్లో దిగిపోవాలని పలకల మధ్య సందులు వదిలేవారు. ఆ మాట చెప్పగానే మేస్త్రి గారి ముఖం వెలిగింది. "అయితే టీచర్ గారూ, అక్కడ కూడా మా వాళ్ల పని ఉందన్నమాట" అన్నారు. రంగు వేసి గీతలు గీస్తే సరిపోయేదానికి, వెంట్రుకంత సందు వదులుతూ సన్నటి టేకు బద్దలు ఒక్కొక్కటీ అతికించారు. దగ్గరగా కళ్లు పెట్టి చూస్తే సందుల్లోంచి కింద నల్లగా కనిపిస్తుంది. ఈ ఒక్క పనికే నేను పది మార్కులు ఎక్కువ వేశాను.

పెరిస్కోపులకు సైకిల్ స్పోకులు, ముక్కు నుంచి మధ్య గోపురం దాకా లాగిన తీగకు వలలు అల్లే నైలాన్ దారం వాడారు. వెనక రెండు పంకాలు ఇత్తడి రేకుతో కోసి వంచారు. రంగు పైన లేత బూడిద, నీటి మట్టం కింద ముదురు బూడిద. గోపురం మీద పెద్ద అక్షరాలతో "యు-180" అని రాసి ఉంచారు, కొనేవాళ్లకు అలా ఉంటేనే ఇష్టమట. నేను గీకించాను. యుద్ధం మొదలవగానే జర్మన్ జలాంతర్గాముల గోపురాల మీద అంకెలు తీసేశారు, శత్రువుకు ఏ పడవో తెలియకూడదని. పేరు పీఠం మీద ఇత్తడి పలకపై చెక్కించాను. హిట్లర్ జెండా పెట్టాలా అని అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. అది ఎవరి పడవో, ఏ ప్రభుత్వం నడిపిందో పలక మీద అక్షరాల్లో ఉంటుంది, పిల్లలు చదువుతారు. ఆ గుర్తును మళ్లీ మెరిసే రంగుల్లో పిల్లల కళ్ల ముందు నిలబెట్టవలసిన పని లేదు.

ఈ నమూనాలో అసలు విశేషం సొరుగు. ఆలోచన మేస్త్రి గారిది. ఇంజన్ల గురించి నేను చెబుతుంటే విని, పడవ వెనక భాగంలో ఒక పక్క తలుపు తీసి, బల్ల సొరుగులా లాగే గది పెడదామన్నారు. రెండు సొరుగులు చేశారు. ఒకటి తీసి రెండోది పెట్టొచ్చు. నేతాజీ ప్రయాణించిన నాటి యు-180 ఒకటి, మునిగిపోయిన నాటి యు-180 రెండోది.

మొదటి సొరుగులో ఆరు ఇంజన్లున్నాయి. జలాంతర్గామికి మామూలుగా రెండు డీజిల్ ఇంజన్లు ఉంటాయి. యు-180కి మాత్రం చిన్న టార్పెడో పడవల కోసం చేసిన మెర్సిడెస్ బెంజ్ ఇంజన్లు ఆరు పెట్టారు. ఒక్కొక్కటి 1500 అశ్వశక్తి. నీటి మీద ఇరవై నాట్లకు, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్లకు, పైగా వేగం వస్తుందని ఆశ. వేగం వచ్చింది, దాంతోపాటు పొగా వేడీ కూడా వచ్చాయి. తీరం దగ్గర కొద్ది గంటలు పరుగెత్తే పడవకు పుట్టిన ఇంజన్లను వేల మైళ్లు, అదీ భూమధ్యరేఖ దాటించి నడిపితే ఎలా ఉంటుంది? దూరం నుంచే శత్రువుకు కనిపించేంత పొగ, లోపలి మనుషులకు ఊపిరాడనంత ఉక్క. మనుషులుండే లోపలి ఉక్కు గొట్టం వ్యాసం 4.4 మీటర్లే. దాదాపు అదే కొలతకు సరిపోయే ప్లాస్టిక్ నీళ్ల గొట్టాన్ని సగానికి కోసి అబ్బాయి సొరుగులో బిగించాడు. అందులో ఆరు ఇంజన్లు ఇరికిస్తే మధ్యన నడవడానికి మిగిలిన చోటు అగ్గిపుల్ల మందం. పిల్లలు వేలు పెట్టబోతారు, పట్టదు. ఆ ఇరుకు గురించి నేను ఎన్ని మాటలు చెప్పినా ఇంత బాగా తెలియదు.

ఆ ఇరుకులోనే 1943 ఫిబ్రవరి రెండో వారంలో కీల్ రేవు నుంచి నేతాజీ బయలుదేరారు. వియన్నాలో భార్య ఎమిలీని, మూడు నెలలు కూడా నిండని కూతురు అనితను వదిలి వచ్చారు. వెంట ఒక్కరే, ఆబిద్ హసన్. మన హైదరాబాదు మనిషి. "జై హింద్" నినాదాన్ని ఇచ్చింది ఆయనే అంటారు. స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ శాఖలో రాయబారిగా పనిచేశారు. ఇంత దగ్గరివాడి పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధ. అందుకే పీఠం పలక మీద నేతాజీ పేరు పక్కనే, అదే పరిమాణంలో ఆయన పేరు చెక్కించాను. ఏం తిన్నా, ఏం కప్పుకున్నా డీజిల్ కంపు కొట్టేదని ఆయన తరువాత చెప్పుకున్నారు. ఓడలో బియ్యం, పప్పు దొరికితే నేతాజీ కోసం కిచిడీ వండారు. నేతాజీ దాన్ని జర్మన్ అధికారులకు కూడా పెట్టబోతే, ఉన్న కాస్త సరుకు అయిపోతుందేమోనని ఈయనకు బెంగ. పనివేళల్లో నేతాజీ చెబుతుంటే ఈయన రాసుకునేవారు. మా వంట మనిషికి ఈ కిచిడీ సంగతి చెబితే ప్రదర్శన రోజున మధ్యాహ్న భోజనంలో అదే వండింది.

దారి ఉత్తర సముద్రం మీదుగా అట్లాంటిక్‌లోకి, అక్కడి నుంచి ఆఫ్రికా కొస చుట్టి హిందూ మహాసముద్రంలోకి. పడవ అధిపతి వెర్నర్ ముసెన్‌బెర్గ్. అతిథిని దింపి రావడం ఒక్కటే వాళ్ల పని కాదు. ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికా తీరానికి దూరంగా కోర్బిస్ అనే బ్రిటిష్ చమురు ఓడను యు-180 ముంచింది. ఆ ఓడలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది చనిపోయారు. అప్పుడు నేతాజీ ఈ పడవలోనే ఉన్నారు. ఈ మాట పలక మీద ఉండాలా వద్దా అని మా బడిలో చర్చ జరిగింది. జయంతి రోజున ఎందుకని కొందరు అన్నారు. ఉండాలని నేను పట్టుబట్టాను. నేతాజీ ధైర్యానికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు. కోర్బిస్ నావికులకు కూడా ఇళ్లూ పిల్లలూ ఉన్నారు. పన్నెండేళ్ల పిల్లలు ఈ రెండు విషయాలనూ కలిపి మోయగలరు. వాళ్లను తక్కువ అంచనా వేసేది మనమే.

ఇక తెప్ప. మడగాస్కర్‌కు ఆగ్నేయంగా నడిసముద్రంలో యు-180, జపాన్ జలాంతర్గామి ఐ-29 కలుసుకున్నాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంది, రెండు పడవలూ పక్కపక్కకు రాలేవు. ఏప్రిల్ 28న నేతాజీ, హసన్ రబ్బరు తెప్పలో, నిలువునా తడిసి, ఒక పడవ నుంచి మరో పడవలోకి చేరారు. అటు నుంచి ఇద్దరు జపాన్ నౌకాదళ అధికారులు, సుమారు రెండు టన్నుల బంగారం యు-180లోకి వచ్చాయి. నేను కార్ఖానాలో తెప్ప అడగలేదు. మేస్త్రి గారి భార్య అడిగారట, "రెండు పడవలు ఆనుకోకుండా మనుషులు ఎలా మారారు?" అని. అబ్బాయి పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి, అంచులు మడిచి అతికించి, సెంటీమీటరున్నర పైచిలుకు మనుషులు ఇద్దరిని చెక్కతో చేసి అందులో కూర్చోబెట్టాడు. ముఖాలు లేవు, ఆ కొలతలో రావు కూడా. ఒకడు రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకుని ఉన్నాడు, ఇంకొకడు వంగి ఉన్నాడు. పడవ ముందు పారదర్శకమైన జిగురు పోసి గట్టిపరిచిన అలల మధ్య తెప్పను నిలబెట్టారు. 87 సెంటీమీటర్ల పడవ పక్కన అది ఎంత చిన్నదో చూస్తే, పిల్లలు మాట్లాడడం మానేసి దగ్గరగా వస్తారు. తెప్పకు వేరే డబ్బు తీసుకోలేదు. ఇలాంటి చోటే పనివాడికీ కళాకారుడికీ తేడా తెలుస్తుంది.

ఐ-29 నేతాజీని మే నెలలో సుమత్రా కొసనున్న సబాంగ్‌లో దింపింది. జూలై 4న సింగపూర్‌లో ఆయన ఉద్యమ నాయకత్వం చేపట్టారు. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. పాఠ్యపుస్తకం అక్కడికి వెళ్లిపోతుంది. యు-180 మాత్రం వెనక్కి తిరిగింది. జూన్ 3న గ్రీకు ఓడ బోరిస్‌ను ముంచి, జూలై మొదట్లో ఫ్రాన్సులోని బోర్డో చేరింది. అది పోరాటంలో ముంచిన ఓడలు ఆ రెండే.

రెండో సొరుగు తీసేది ఇక్కడ. ఆ ఆరు ఇంజన్లతో మళ్లీ పంపడం కుదరదని జర్మన్ నౌకాదళం తేల్చుకుంది. బోర్డోలో వాటిని పీకేసి రెండు మామూలు డీజిల్ ఇంజన్లు బిగించారు. టార్పెడో గొట్టాలు తీసేశారు. పోరాట పడవను సరుకుల పడవగా మార్చారు. 252 టన్నుల సరుకు పట్టేలా చోటు చేశారు. జర్మనీకి తూర్పు నుంచి కావలసినవి రబ్బరు, తగరం, టంగ్‌స్టన్, క్వినైన్ లాంటివి. సముద్రం మీది ఓడలు దారిలోనే మునుగుతున్నాయి కనుక జలాంతర్గాములను మోతకు దింపారు. సొరుగులో అబ్బాయి రెండు ఇంజన్లు పెట్టి, ఖాళీ అయిన చోట చిన్న చిన్న చెక్క పెట్టెలు పేర్చాడు. మా ఎనిమిదో తరగతి పిల్ల రెండు సొరుగులనూ పక్కపక్కన పెట్టి చూసి, "మేడమ్, ఇక దీనికి కొట్టడానికి ఏమీ లేదా?" అని అడిగింది. టార్పెడోలు లేవు. దాక్కుని వెళ్లడమే దానికి మిగిలిన రక్షణ.

1944 ఆగస్టు వచ్చేసరికి మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్సులో ముందుకు వస్తున్నాయి. బోర్డోను ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ నెల రెండో సగంలో యు-180, యు-195 తూర్పుకు బయలుదేరాయి. ఈసారి అధిపతి రోల్ఫ్ రీజెన్. యు-195 ఆఫ్రికా చుట్టి ఆ ఏడాది చివరికి బటావియా, అంటే ఇప్పటి జకార్తా, చేరింది. జర్మనీ లొంగిపోయాక జపాన్ దాన్ని తీసుకుని ఐ-506 అని పేరు పెట్టింది. యు-180 నుంచి మళ్లీ కబురు లేదు. బోర్డోకు పడమరగా బిస్కే అఖాతంలోనే, ఆగస్టు 23 ప్రాంతంలో కనుమరుగైంది. 56 మందిలో ఒక్కరూ మిగల్లేదు. బ్రిటన్ పరిచిన సముద్రపు మైన్‌కు తగిలిందని చాలాకాలం రాస్తూ వచ్చారు. చెప్పడానికి సాక్షి ఎవరూ బతకలేదు కనుక "జాడ తెలియలేదు" అన్న మాటే నేను పలక మీద పెట్టించాను. ఆ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల్లో వెళ్లిన సుమారు 40 వేల మందిలో 30 వేల దాకా తిరిగి రాలేదు. నలుగురిలో ముగ్గురు. జర్మన్ సేనల్లో ఇంకే దళానికీ అంత నష్టం లేదంటారు.

"ఇది చివరికి ఏమైంది టీచర్ గారూ?" అని మేస్త్రి గారు మొదటి రోజే అడిగారు. చెప్పాక కాసేపు ఆగి, "మా వీధిలో వేటకెళ్లి రానివాళ్లున్నారు. శవం దొరకని ఇంట్లో కర్మ ఎప్పుడు చేయాలో తెలియదు" అన్నారు. సొరుగుల ఆలోచన వచ్చింది ఆ మాట తర్వాతే. తయారీదారు తన చేతిలోని వస్తువును గురించి ఇంతగా పట్టించుకోవడం నేను వేరే ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు పదిహేను మార్కులు ఎందుకు పోయాయో చెప్పాలి.

ఎనిమిది మార్కులు ఆలస్యానికి. సంక్రాంతి లోపు ఇస్తామన్నారు. సంక్రాంతికి ప్రభల పని, పండుగ సెలవులు, పనివాళ్లు దొరకకపోవడం, అన్నీ కలిసి ప్రదర్శన ముందు రోజు సాయంత్రానికి గానీ చేతికి రాలేదు. నేను ఫోను చేసినప్పుడల్లా "రేపు" అన్నారు. కుదరదని ముందే చెప్పి ఉంటే తేదీ సర్దుకునేదాన్ని. పనిలో అంత నిజాయితీ ఉన్నవాళ్లు తేదీ విషయంలో కూడా నిజమే చెప్పాలి.

ఐదు మార్కులు పెట్టెలో కట్టి పంపిన తీరుకు. పెట్టె గట్టిదే, మూలలకు రేకు కొట్టారు. లోపల అదరకుండా కొబ్బరి పీచు కూరారు. పీచు మంచిదే గానీ, రంగు పూర్తిగా ఆరకముందే పెట్టారు. సఖినేటిపల్లి రేవు దాటి, ఎగుడుదిగుడు రోడ్డు మీద బడికి తెచ్చి విప్పేసరికి ముదురు బూడిద రంగు మీద పీచు పోగులు అంటుకుని ఉన్నాయి. తీస్తే రంగు లేచింది. కబురు పెడితే మర్నాడు పొద్దున్నే అబ్బాయి రంగు డబ్బాతో మొదటి పంటు ఎక్కి వచ్చి, పిల్లలు చూస్తుండగానే సరిచేసి వెళ్లాడు. దారి ఖర్చు కూడా అడగలేదు. అందుకే ఐదుతో ఆపాను, లేకపోతే పది తీసేదాన్ని.

మిగిలిన రెండు మార్కులు సొరుగుకు. అంత మంచి ఆలోచన, కానీ మన ఉప్పు గాలికి చెక్క ఉబ్బి, వర్షాకాలంలో బిగుసుకుంటోంది. పక్కలకు మైనం రాస్తే జారుతోంది. మొదటే లోపల కూడా వార్నిష్ వేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. మీరు చేయించుకుంటే ఇది గట్టిగా చెప్పండి.

ధర పద్నాలుగు వేలు, పీఠమూ ఇత్తడి పలకా కలిపి. అద్దాల పెట్టె వేరుగా మూడు వేలు. ప్లాస్టిక్ కిట్లు తక్కువకు దొరుకుతాయి, అవి ఇల్లు దాటని అభిరుచికి సరిపోతాయి. వందల మంది పిల్లలు తాకే చోట అవి నిలవవు, పైగా ఈ తొమ్మిది-డి-1 రకం నాకు కిట్లలో ఎక్కడా కనిపించలేదు. మూడో వంతు ముందు ఇచ్చి, మిగిలింది వస్తువు చూశాక ఇచ్చాను. బేరం ఆడలేదు. టేకు ధర తెలిసినవాళ్లెవరూ ఆడరు. జనవరికి కావాలంటే దసరా నాటికే చెప్పాలి. గీతలు, కొలతలు వాళ్ల దగ్గర ఉన్నాయి కనుక ఇంకో బడి ఇదే అడిగితే ధర కొంత తగ్గిస్తామన్నారు.

ప్రదర్శనకు వచ్చిన తల్లిదండ్రుల్లో ఒక తాతగారు, యుద్ధంలో కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయని తన తండ్రి చెప్పేవాడని పిల్లలకు చెప్పారు. 1942 ఏప్రిల్ 6, విశాఖపట్నం, కాకినాడ, రెండూ ఒకే రోజు. ఆ మాటతో పిల్లలకు జపాన్ కూడా దగ్గరికి వచ్చింది. నేతాజీని ఎక్కించుకున్న జపాన్ పడవే ఏమైందని అప్పుడు అడిగారు. ఐ-29ని 1944 జూలై 26న ఫిలిప్పీన్స్ ఉత్తరాన అమెరికా జలాంతర్గామి సాఫిష్ ముంచింది. యు-180 పోవడానికి నెల కూడా లేదు. తెప్పకు అటూ ఇటూ ఉన్న రెండు పడవలూ నెల వ్యవధిలో రెండు వేరు వేరు సముద్రాల్లో పోయాయి.

వచ్చే జనవరికి ఐ-29 చేయమని మేస్త్రి గారికి ముందు డబ్బు ఇచ్చి వచ్చాను. దాని పొడవు 108 మీటర్ల పైమాట, అంటే ఇప్పుడున్న అద్దాల పెట్టె చాలదు. ఈసారి తేదీ కాగితం మీద రాయించుకున్నాను. ఒళ్లంతా, సొరుగు లోపలతో సహా, వార్నిష్ అని కూడా అందులోనే రాయించాను.